తాంబాళం కొలత

ఆమె చేతిలో సంచీ లేదు,
చంకలో రాగి తాంబాళం ఉంది.
కిలిస్ బజారులో మా కొట్టుకి
టేపు తెచ్చుకున్నవాళ్ళని చూశాను,
ఫోనులో బొమ్మ తెచ్చుకున్నవాళ్ళని చూశాను,
మొగుణ్ణి తెచ్చి గుమ్మం బయట నిలబెట్టినవాళ్ళనీ చూశాను.
పాత్రని వెంటబెట్టుకొచ్చింది మాత్రం
ముజెయ్యెన్ పెద్దమ్మ ఒక్కతే.

నా పాఠం నేను మొదలెట్టాను:
నలభై అయిదు లీటర్లు,
కింద వేడి, పైన వేడి, గాలి తిప్పే ఫ్యాను,
కోడిని గుచ్చి తిప్పడానికి ఊచ,
తొంభై నిమిషాల టైమరు,
కేకుకి ఈ గుర్తు, రొట్టెకి ఈ గుర్తు, చేపకి...
ఆమె తలుపు తీసి తాంబాళం తోసింది.
బెత్తెడు బయటే ఉండిపోయింది.
"పట్టదమ్మాయ్."

రెండోది నల్లనిది, అద్దం మీద అంకెలు వెలిగేది,
దాని ఖరీదు నా రెండు నెలల జీతం.
నాలుగు వేళ్ళు బయట.
"పట్టదమ్మాయ్."

చదరపు పళ్ళెం ఒకటి ఉచితంగా వస్తుంది పెద్దమ్మా,
ఈ పాతది ఎందుకు, అన్నాను.
చెప్పు పట్టలేదని
కాలు కోసుకోమన్నట్టు చూసింది నావైపు.

టీ తెప్పించాను. అమ్మకం జారిపోతుంటే
మా యజమాని నేర్పిన విద్య అది.
గ్లాసు ఒళ్ళో పెట్టుకుని చెప్పింది:
ముప్ఫై ఒక్క ఏళ్ళు ఈ తాంబాళం
సందు చివర ఇద్రిస్ ఉస్తా కొలిమికే వెళ్ళింది.
కైమాని అరచేత్తో పరిచి, పైన టమాటా చక్రాలు,
పచ్చిమిరపకాయలు పేర్చి,
పొద్దున్నే పిల్లాడి నెత్తిన పెట్టి పంపితే
మధ్యాహ్నానికి బుసబుసలాడుతూ తిరిగొచ్చేది.
చీటీ లేదు, పేరు లేదు.
ఇరవై తాంబాళాల్లో మాది ఏదో
అంచు మీది మూడు నొక్కులు చూసి పోల్చేవాడు.
అడగకపోయినా చెప్పి పంపేవాడు:
ఉప్పు తక్కువైంది.

ఇప్పుడు ఆయన మోకాళ్ళు మొరాయించాయి.
సోమవారం నుంచి షట్టరు దించే ఉంది.
ఆ చోట కొడుకు
ఫోను తొడుగులు అమ్ముతాడట.

నీకు ఏం కావాలి పెద్దమ్మా? అని
అప్పుడు అడిగాను, మొదటిసారి.
"మిరపకాయ మీద నల్ల మచ్చ పడాలి,
కింద మాంసం మాత్రం రసం విడవకూడదు.
పైది ఒక మర, కిందది ఒక మర.
మిగతా బొమ్మలు నాకెందుకు?"

గోదాములో, పాత హీటర్ల వెనక,
ఎవరూ అడగని డోలు పొయ్యి ఒకటి ఉంది.
గుండ్రటి రేకు ఒళ్ళు, మూతకి చిన్న అద్దం కన్ను,
రెండంటే రెండే మరలు.
ఫ్యాను లేదు, వెలిగే అంకెలు లేవు,
నాకు దాని మీద వచ్చే కమిషను
ఆ టీ డబ్బులకి సరి.
దుమ్ము తుడిచి మూత ఎత్తాను.
తాంబాళం దిగింది.
చుట్టూ చిటికెన వేలంత సందు.
ఆమె ఏమీ అనలేదు,
తలగుడ్డ కొంగుతో
ఆ అద్దం కన్ను మళ్ళీ తుడిచింది.

శుక్రవారం నేనే మోసుకెళ్ళి ప్లగ్గు పెట్టాను.
అప్పటికే వంటింట్లో స్టూలు మీద
ఇద్రిస్ ఉస్తా కూర్చుని ఉన్నాడు,
కర్ర గోడకి ఆనించి, పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా.
రేకు మీద అరచెయ్యి ఆనించి ఆనించక పెట్టి
"ఎడమ పక్క వేడి ఎక్కువ," అన్నాడు.
"పావుగంటకోసారి తిప్పాలి."
తిప్పించాడు కూడా, నా చేత, మూడు సార్లు.
మధ్యలో లేవమంటే లేవలేదు,
ఆ చిన్న అద్దంలోకే చూస్తూ ఉన్నాడు,
లోపల ఎర్రటి తీగ
వెలిగి, ఆరి, మళ్ళీ వెలుగుతుంటే.

రొట్టె తుంచి, మాంసం అద్ది,
నోట్లో పెట్టుకుని నమిలాడు.
మేమిద్దరం ఆ దవడ వైపే చూస్తున్నాం.
"ఉప్పు," అన్నాడు.

ముజెయ్యెన్ పెద్దమ్మ నవ్వు
పక్క ఫ్లాటు దాకా వినిపించి ఉంటుంది.
తాంబాళంలో మూడో వంతు నాకే పెట్టారు.
ఆ నెల నా కమిషను అదే.